స్టాపర్లు నెమ్మది, కీపర్ పొట్టి: ఉన్న పిల్లలతో డిఫెన్స్ ఎట్ల పెట్టాలె?

ఓరుగల్లు_పీఈటీ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. వరంగల్ వైపు ఒక గురుకులంల పీఈటీని. అండర్-17 ఫుట్‌బాల్ జట్టును చూసుకుంటున్న. జిల్లా టోర్నమెంటుకు మూడు వారాలే ఉన్నది. పోయిన మూడు మ్యాచుల్ల 9 గోల్స్ పడ్డయి మాకు. ఒక్కో గోల్ ఎట్ల పడ్డదో నోట్‌బుక్కుల రాసిపెట్టిన. తొమ్మిదింట్ల ఆరు ఒక్క తీరే. అవతలోళ్లు మా బ్యాకుల నెత్తి మీదికెల్లి పొడుగు బాల్ కొడ్తరు, వాళ్ల ఫార్వర్డ్ ఉరుకుతడు, మా స్టాపర్లు (గోల్ ముందు నడుమ నిలబడే ఇద్దరు బ్యాకులు) అందుకోలేకపోతరు.

తప్పు నాదే. టీవీల పెద్ద జట్లను చూసి, బ్యాకుల లైన్‌ను సగం గ్రౌండ్ దాకా ముందుకు జరిపి ఆఫ్‌సైడ్ ట్రాప్ (అవతలి ఫార్వర్డ్ మా బ్యాకులను దాటి ఉన్నప్పుడు వానికి బాల్ కొడితె ఆట ఆపించుడు) నేర్పిన. ఆ మ్యాచులకు లైన్ కాడ జెండా పట్టుకునేది కూడ పిల్లలే. మావోళ్లు చెయ్యి లేపి నిలబడతరు, జెండా లేవది, గోల్ అయితది.

నా పిల్లల సంగతి చెప్త. కీపర్ 5 అడుగుల 4 అంగుళాలు. చేతులు మెరుపు, కానీ గోల్ లైన్ విడిచి బయటికి రాడు. స్టాపర్లు ఇద్దరూ ఆరడుగులకు దగ్గర, హెడ్డింగ్‌ల వాళ్లకు ఎదురు లేదు, కానీ తిరిగి ఉరకాలంటే టైమ్ పడతది. రైట్ బ్యాక్ జిల్లా దాకా ఖోఖో ఆడినోడు, జట్టుల అందరికంటె ఫాస్ట్. ఎడమ కాలు వాటం ఉన్నది లెఫ్ట్ బ్యాక్ ఒక్కనికే. క్రాస్ మంచిగ ఇస్తడు, ముందుకు పోయినంక ఎనకకు రావుడు మరుస్తడు. హాఫ్‌లల్ల (బ్యాకులకు, ఫార్వర్డ్‌లకు నడుమ ఆడేటోళ్లు) ఒకడు పొద్దంత ఉరికినా అలవడు. ఇంకొకనికి బాల్ కంట్రోల్ బాగుంటది, టాకిల్ చెయ్యడు. కబడ్డీ జట్టుకెల్లి వచ్చిన పిల్లగాడు ఒకడున్నడు. బాల్ కాలికి అంటదు, కానీ మనిషిని పట్టుకుంటె వదలడు. మా గ్రౌండ్ మొరం, గడ్డి లేదు. బాల్ ఒక్కసారి నేలకు తాకితె తల మీదికి లేస్తది.

వీళ్లతోని నలుగురు బ్యాకులా, ముగ్గురా? జోన్ (ఎవని జాగా వాడు కాసుడు) ఆడించాల్నా, మ్యాన్ మార్కింగా (ఒక్కొక్కడు ఒక్కో మనిషిని పట్టుకునుడు)?


అనంత_హాఫ్‌బ్యాక్
ఆదివారం, రాత్రి 10:25

సార్, గోల్స్ ఎలా పడ్డాయో రాసుకున్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. చాలామంది కోచ్‌లు ఆ మాత్రం కూడా చేయరు.

కానీ మీరు చివర తేల్చాల్సినదాన్ని ముందు అడుగుతున్నారు. 4 పెట్టాలా 3 పెట్టాలా అన్నది ఆఖరి సంగతి. మొదట తేలాల్సింది మీ వెనక లైన్ గోల్‌కు ఎంత దూరంలో నిలబడాలన్నది. దాన్ని నిర్ణయించేది మీ స్టాపర్లలో మరీ నెమ్మదిగా ఉన్నవాడు, మీ కీపర్, బాల్ ఉన్నవాడి మీదికి మీ ఫార్వర్డ్‌లు ఎంత గట్టిగా వెళతారన్నది. ఈ మూడూ తెలిస్తే మిగతాది దానంతటదే కుదురుకుంటుంది.

ఒక చిన్న లెక్క. అవతలి ఫార్వర్డ్ 30 మీటర్లు 4.5 సెకన్లలో పరిగెత్తుతాడు, మీ స్టాపర్‌కు 5.2 పడుతుంది అనుకుందాం. స్టాపర్ ఆ 30 మీటర్లు పూర్తి చేసేసరికి ఫార్వర్డ్ అతనికన్నా దాదాపు 5 మీటర్లు ముందుంటాడు. అంత దూరం చాలు, ఆగి, చూసి, తాపీగా గోల్ కొట్టొచ్చు. అదే వెనక 10 మీటర్ల జాగా మాత్రమే ఉంటే తేడా మీటరున్నర. కాలు చాపితే బాల్ తగులుతుంది. పిల్లవాడు మారలేదు, వాడి వేగం మారలేదు, వాడి వెనక ఉన్న జాగా మారింది. రేపు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి అందరి 30 మీటర్లూ కొలవండి.

ఇంకో మాట. లైన్‌ను వెనక్కి జరపమన్నాం కదా అని నలుగురు బ్యాకులే వెనక్కి వచ్చి, హాఫ్‌లూ ఫార్వర్డ్‌లూ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడితే మధ్యలో చెరువంత ఖాళీ ఏర్పడుతుంది. 1980ల చివర మిలాన్‌ను నడిపిన అరిగో సాకీ, ముందు నిలిచే ఫార్వర్డ్ నుంచి వెనక బ్యాక్ వరకు 25 మీటర్లు దాటకూడదనేవాడు. ఆయన జట్టు ఎత్తున (లైన్ ముందుకు జరిపి) ఆడేది, మీరు లోతులో (గోల్‌కు దగ్గరగా) ఆడాలి. ఆ 25 మీటర్ల నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే. జట్టంతా కలిసి జరగాలి.


లెస్టర్_తెలుగోడు
సోమవారం, తెల్లవారుజాము 2:10

మాస్టారూ, మీ స్టాపర్ల గురించి చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది. పదేళ్లకు పైగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. 2015-16లో ఇక్కడే చదువుకుంటూ ఆ సీజన్ మొత్తం చూశాను. గెలవదని బెట్టింగ్ కంపెనీలు 5000కు 1 అని రాసిన లెస్టర్ జట్టు ఇంగ్లండ్ లీగ్ గెలిచిందన్న సంగతి అందరికీ తెలుసు. మొదటి రెండు నెలలు ఆ డిఫెన్స్ ఎలా ఉండేదో చాలామందికి తెలియదు.

తొలి తొమ్మిది లీగ్ మ్యాచుల్లో ఒక్కదాంట్లో కూడా గోల్ పడకుండా ఉండలేదు. సెప్టెంబరులో సొంత గ్రౌండ్‌లో ఆర్సెనల్ 5-2తో కొట్టింది. గోల్ పడకుండా ఆడితే అందరికీ పిజ్జా పెట్టిస్తానని కోచ్ రనియేరి మాటిచ్చాడు. పదో మ్యాచ్‌లో, క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో, ఆ పిజ్జా సంపాదించుకున్నారు.

మధ్యలో మార్చింది పెద్దగా కనపడని చోట. స్టాపర్లు రాబర్ట్ హూత్, వెస్ మోర్గన్ ఇద్దరూ కొండల్లాంటి మనుషులు, పరుగులో మాత్రం వెనకే. వాళ్లను రనియేరి తీసేయలేదు, ఎత్తున నిలబడమని కూడా అనలేదు. మార్చింది పక్కవాళ్లను. ముందుకు దూసుకెళ్లే ఫుల్‌బ్యాకుల బదులు సింప్సన్, ఫుక్స్‌లను పెట్టాడు. నలుగురూ దగ్గర దగ్గరగా పెనాల్టీ బాక్స్ వెడల్పులో నిలబడేవాళ్లు. అంచు మీద జాగా ఇచ్చేసేవాళ్లు. క్రాస్ వేసుకోండి, హూత్, మోర్గన్ తలతో తోసేస్తారు అన్నట్టు ఉండేది ఆట. సీజన్ అంతటికీ 38 మ్యాచుల్లో 36 గోల్సే పడ్డాయి, 81 పాయింట్లతో గెలిచారు.

అయితే దీంట్లో ఒక మెలిక ఉంది, అది మీకు బాగా పనికొస్తుంది. స్టాపర్ల ముందు ఎన్‌గోలో కాంటే ఉండేవాడు. వాళ్లు చేరలేని ప్రతి చోటుకూ అతను చేరేవాడు. తర్వాతి వేసవిలో చెల్సీకి వెళ్లిపోయాడు. అవే స్టాపర్లు, అదే కోచ్, అదే పద్ధతి. 2017 ఫిబ్రవరికల్లా జట్టు కింది వరుసలకు జారి, రనియేరి ఉద్యోగం పోయింది. కాబట్టి పొద్దంతా ఉరికినా అలసిపోని మీ హాఫ్ ఉన్నాడు చూశారూ, అతన్ని స్టాపర్ల ముందు నుంచి కదలనివ్వకండి.


విశాఖ_గోలీ
సోమవారం, ఉదయం 7:05

సార్, అందరూ స్టాపర్ల దగ్గరే ఆగిపోయారు. మీ కీపర్ గురించి నేను మాట్లాడతాను. నేను 5 అడుగుల 3. యూనివర్సిటీకి మూడేళ్లు గోల్ కాశాను.

లైన్‌ను వెనక్కి తెస్తే వెనకపడే బాల్స్ తగ్గుతాయి, నిజమే. కానీ క్రాస్‌లు, కార్నర్లు పెరుగుతాయి. పొట్టి కీపర్‌కు అవే యముళ్లు. ఒక ప్రమాదం తీసి ఇంకో ప్రమాదం పెట్టుకుంటున్నామని తెలిసి పెట్టుకోవాలి. మీ స్టాపర్లు హెడ్డింగ్‌లో గట్టివాళ్లు కాబట్టి ఈ బేరం మీకు లాభమే, కానీ క్రాస్ వచ్చినప్పుడు ఎవరి బాల్ ఎవరిదో ముందే తేలాలి. మా జట్టులో రెండే మాటలు ఉండేవి. నేను వస్తే "నాది!" అని అరిచేదాన్ని. రాకపోతే "కొట్టు!" అనేదాన్ని. ఆ మాట బాల్ గాల్లో ఉండగానే రావాలి. ఆలస్యంగా అరిచే కీపర్ కంటే అరవని కీపర్ నయం.

అతను లైన్ విడిచి రావడం లేదంటే ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పి ఉండరు. బాల్ అవతలి సగంలో ఉంటే బాక్స్ అంచు దాకా రమ్మనండి. సగం గీత దాటితే పెనాల్టీ స్పాట్ దగ్గరికి. ఇంకా దగ్గరైతే చిన్న బాక్స్‌లోకి. బాల్ కదిలినప్పుడల్లా తనూ కదలాలి.

ఇంకొకటి, దయచేసి అతన్ని పక్కకు పిలిచి మెల్లగా అడగండి. మొరం గ్రౌండ్ అన్నారు. నా మోచేతుల మీద, తుంటి మీద ఆ మొరం మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. బయటికొచ్చి పడితే చర్మం లేచిపోతుందన్న భయం చాలామంది కీపర్లకు ఉంటుంది, సిగ్గుతో చెప్పరు. నిక్కర్ బదులు మందపాటి ట్రాక్ ప్యాంట్ ఇచ్చి, మోకాళ్లకూ మోచేతులకూ ప్యాడ్లు కట్టి చూడండి.


హైలైన్_హైదరాబాద్
సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను ఒప్పుకోను అన్నా. వీళ్లు పదిహేను, పదహారేళ్ల పిల్లలు. ఇప్పుడు వాళ్లకు బాక్స్‌లో నిలబడి బాల్ తన్నేయడం నేర్పితే జీవితాంతం అదే ఆడతారు. గోల్స్ పడితే పడనీ, ముందుకొచ్చి ఆడటం నేర్పాలి.

పైగా స్టాపర్ వేగం ఒక్కటే చూస్తున్నారు. బాల్ ఉన్నవాడికి తల ఎత్తి చూసే టైమ్ ఇస్తేనే కదా పొడుగు బాల్ వచ్చేది? ఫార్వర్డ్‌లు వాడి మీదికి వెళ్తే నెమ్మదైన స్టాపర్ కూడా ఎత్తున నిలబడొచ్చు. 2023 నవంబర్‌లో చెల్సీ మీద టోటెన్‌హామ్ ఏం చేసింది? ఇద్దరికి రెడ్ కార్డ్, తొమ్మిది మంది మిగిలారు, అయినా కోచ్ పోస్టెకోగ్లూ లైన్‌ను సగం గీత దగ్గరే ఉంచాడు. 4-1తో ఓడారు, నిజమే. కానీ చాలాసేపు గేమ్‌లోనే ఉన్నారు. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. నమ్మిన ఆటను వదలకపోవడమంటే అది.


అనంత_హాఫ్‌బ్యాక్
సోమవారం, సాయంత్రం 6:15

తమ్ముడూ, బాల్ మీద ఒత్తిడి గురించి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఎత్తైన లైన్‌కు ప్రాణం అదే. సార్ వాళ్ల ఫార్వర్డ్‌లు ఎంత ప్రెస్ చేస్తారో మనకింకా తెలియదు, ఆయన చెప్పాలి.

కానీ నువ్వు ఎంచుకున్న ఉదాహరణే నా వాదనకు పనికొస్తుంది. ఆ టోటెన్‌హామ్ లైన్ నిలబడింది వాన్ డి వెన్ లాంటి మెరుపు స్టాపర్‌నూ, బాక్స్ దాటి వచ్చి బాల్ కొట్టే విచారియో అనే కీపర్‌నూ చూసుకుని. ఆ మ్యాచ్‌లో వాన్ డి వెన్ మొదటి సగంలోనే గాయపడి వెళ్లిపోయాడు. కీపర్ ఒక్కడూ పరిగెత్తి పరిగెత్తి ఆపాడు, చివర్లో చెల్సీ ఆటగాడు జాక్సన్ మూడు గోల్స్ కొట్టాడు. అదే పోస్టెకోగ్లూ 2025 మేలో, బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్లో ఏం చేశాడు? ఒక గోల్ రాగానే జట్టునంతా వెనక్కి లాగి, మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-0తో కప్పు ఎత్తాడు. నమ్మకం వదిలేశాడని ఎవరూ అనలేదు.

ఒకే జట్టు రెండు రకాలుగా ఆడితే ఏమవుతుందో చూడాలంటే 2011-12 చెల్సీని చూడు. కోచ్ విల్లాస్-బోయాస్ అంతకుముందు పోర్టో క్లబ్‌లో గెలిపించిన ఎత్తైన లైన్‌నే తెచ్చి జాన్ టెర్రీ మీద పెట్టాడు. టెర్రీ ఆ రోజుల్లో బాక్స్‌లో పులి, వెనక్కి తిరిగి పరిగెత్తాలంటే మాత్రం వయసు అడ్డం. అక్టోబర్‌లో ఆర్సెనల్ వాళ్ల ఇంటికే వచ్చి 5-3తో కొట్టింది. మార్చిలో కోచ్‌ను పంపేశారు. డి మట్టెయో వచ్చి అదే మనుషులను లోతులో నిలబెట్టాడు. సొంత గ్రౌండ్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించారు. రెండో మ్యాచ్‌లో, అక్కడ, స్టాపర్ కేహిల్ గాయపడ్డాడు, టెర్రీకి రెడ్ కార్డ్, మిగిలినవాళ్లు బాక్స్ ముందు గోడ కట్టి 2-2 చేసుకున్నారు. మేలో మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు.

పిల్లలకు ఎత్తైన లైన్ నేర్పొద్దని నేననను. నేర్పడానికి ప్రాక్టీస్ ఉంది, స్నేహపూర్వక మ్యాచులున్నాయి. మూడు వారాల్లో టోర్నమెంట్ ఉన్నవాడికి ఇప్పుడే ఆ సలహా ఇవ్వలేను.


పాత_సికింద్రాబాద్
సోమవారం, రాత్రి 8:50

బిడ్డా, మన గడ్డ మీది ముచ్చట ఒకటి చెప్త. మా నాయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటలు చూసినోడు. 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్పు తెచ్చిన జట్టు అది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్. అంతకుముందు బడిల పాఠాలు చెప్పిన పంతులు.

1952ల హెల్సింకి ఒలింపిక్స్‌ల మన దేశపు జట్టును యుగోస్లావియా 10-1తోని కొట్టింది. మనోళ్లు శానమంది ఉత్త కాళ్లతోనే ఆడిన్రు, ఎనక ఇద్దరే బ్యాకులు. రహీమ్ సాబ్ ఆ దెబ్బ మరువలే. ఎనక మూడో మనిషిని నిలబెట్టిండు, జట్టు ఆటనే మార్చిండు. నాలుగేండ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన జట్టు నాలుగో స్థానంల నిలబడ్డది. మనం వాడే స్టాపర్ అన్న మాట సుత ఇసొంటి దెబ్బకెల్లే పుట్టింది. 1925ల ఆఫ్‌సైడ్ రూల్ మారినంక ఆర్సెనల్ న్యూకాసిల్ల 7-0తోని ఓడితె, వాళ్ల కోచ్ చాప్‌మన్ నడుమ హాఫ్‌ను ఎనకకు గుంజి ఇద్దరు బ్యాకుల నడుమ నిలబెట్టిండు.

ఇంకొకటి. 1962 జకార్తా ఏషియాడ్. జర్నైల్ సింగ్ మన స్టాపర్, బండరాయి. గ్రూప్ మ్యాచుల తల పగిలి కుట్లు పడ్డయి. రహీమ్ సాబ్ ఆయనను కూసోపెట్టలే, ఫార్వర్డ్‌గ ముందుకు తోలిండు. సెమీస్‌ల గోల్ కొట్టిండు, ఫైనల్ల దక్షిణ కొరియా మీద సుత కొట్టిండు. 2-1, బంగారం. మన దగ్గరున్న మనిషికి ఏం చాతనైతదో చూసి జాగా ఇచ్చిండు. నీ ఖోఖో పిల్లగాడు రైట్ బ్యాకే ఆడాల్నని ఎవలు రాసి పెట్టిన్రు? ఒక్కసారి ఆలోచన చెయ్యి.


ఓరుగల్లు_పీఈటీ
మంగళవారం, రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. ఇయ్యాల 30 మీటర్లు కొలిచిన. ఖోఖో పిల్లగాడు 4.4. స్టాపర్లు 5.1, 5.3. కబడ్డీ పిల్లగాడు 4.7, నేననుకున్నదానికంటె నయం. ఫార్వర్డ్‌లు ఇద్దరు పది నిమిషాలు మంచిగ ప్రెస్ చేస్తరు, ఆ తర్వాత నిలబడతరు. మా మెస్సుల పెట్టే తిండి ఒక పూట ప్రాక్టీస్‌కే సరిపోతది, వాళ్లను 70 నిమిషాలు ఉరికించుడు నాతోని కాదు.

విశాఖ మేడమ్, మీరు చెప్పినట్టు కీపర్‌ను పక్కకు పిలిచి అడిగిన. మొదలు ఏం లేదు సార్ అన్నడు. తర్వాత ప్యాంటు మోకాలు దాకా ఎత్తి చూపిచ్చిండు. పాత గాయం మీద కొత్త గాయం. రెండేండ్ల సంది నా దగ్గర ఆడుతున్నడు, నేనొక్కసారి అడగలే. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున మా స్టోర్ల ఉన్న వాలీబాల్ మోకాలి ప్యాడ్లు ఇచ్చిన, ట్రాక్ ప్యాంట్ కొనిచ్చిన.

లైన్ ఎనకకే అని తీర్మానం చేసుకున్న. ఇప్పుడు అసలు అనుమానం. ఖోఖో పిల్లగాన్ని ఇద్దరు స్టాపర్ల నడుమ, ఒక అడుగు ఎనక నిలబెట్టి, ముగ్గురు బ్యాకులతోని ఆడితె? స్టాపర్లు హెడ్డింగ్ చూసుకుంటరు, వీడు ఎనకపడే బాల్ చూసుకుంటడు.


అనంత_హాఫ్‌బ్యాక్
మంగళవారం, రాత్రి 10:40

సార్, ఆలోచన మంచిదే. 2014 ప్రపంచ కప్పుకు ముందు నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్‌కు ఇలాంటి కష్టమే వచ్చింది. మార్చిలో హాఫ్ స్ట్రూట్‌మన్ మోకాలు దెబ్బతింది. అతను లేకుండా తన మామూలు పద్ధతి నడవదని, ఐదుగురిని వెనక పెట్టి 5-3-2కు మారాడు. మొదటి మ్యాచ్‌లోనే స్పెయిన్‌ను 5-1తో కొట్టి, చివరికి మూడో స్థానం తెచ్చుకున్నాడు.

కానీ ముగ్గురి పద్ధతి బరువు ముగ్గురు స్టాపర్ల మీద పడదు. రెండు అంచుల మీద పైకీ కిందికీ పరిగెత్తే ఇద్దరి మీద పడుతుంది. 2016లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక చెల్సీలో కాంటే (కోచ్ ఆంటోనియో కాంటే, హాఫ్ ఎన్‌గోలో కాంటే వేరు) 3-4-3కు మారి వరుసగా 13 లీగ్ మ్యాచులు గెలిచాడు. అది కుదిరింది విక్టర్ మోజెస్ అనే వింగర్ కుడి అంచు మొత్తం తనొక్కడే మోయగలిగాడు కాబట్టి. ఎడమ పక్క అలోన్సో. వాళ్లిద్దరూ లేకపోతే అది ముగ్గురు బ్యాకుల ఆట కాదు, ఐదుగురు బాక్స్‌లో ఇరుక్కుపోయే ఆట.

మీ ఎడమ కాలు పిల్లాడు వెనక్కి రావడం మర్చిపోతాడన్నారు. ఖోఖో పిల్లాడు మధ్యలోకి పోతే కుడి అంచు ఎవరిది? సమాధానం ఉంటే ముగ్గురు పెట్టండి. లేకపోతే నలుగురే పెట్టి, ఖోఖో పిల్లాడిని కుడి పక్క ఉంచి, బాల్ ఎడమ వైపున్నప్పుడల్లా అతను లోపలికి జరిగి స్టాపర్ల వెనక కవర్ ఇచ్చేలా నేర్పండి. ముగ్గురు బ్యాకుల లాభమూ వస్తుంది, కుడి అంచు కూడా ఖాళీ కాదు.


కబడ్డీ_కార్నర్
బుధవారం, ఉదయం 6:30

ఫుట్‌బాల్ నాకు కొంచెమే తెలుసు, కబడ్డీ ఎక్కువ తెలుసు. ఎడమ కార్నర్ ఆడేవాణ్ణి. మ్యాన్ మార్కింగా, జోనా అని సార్ అడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు, నాకు తోచింది చెబుతాను.

రైడర్ వచ్చినప్పుడు ఏడుగురం వాడి మీద పడిపోం. చేతులు పట్టుకుని చైన్ కడతాం. రైడర్ ఎడమ కార్నర్ వైపు వెళ్తే ఆ కార్నర్ వెనక్కి తగ్గుతాడు, పక్కన ఉన్న కవర్ కాచుకుంటాడు, కుడి పక్క వాళ్లు అర్ధచంద్రాకారంలో లోపలికి మూసుకుంటారు. ఒక్కడు తొందరపడి దూకితే చైన్ తెగి పాయింట్ పోతుంది. మీరు జోన్ అంటున్నది ఇదే కదా? మీ పిల్లల్లో సగం మంది కబడ్డీ, ఖోఖో ఆడుతూ పెరిగినవాళ్లే. బోర్డు మీద గీతలు గీసి చెప్పేకన్నా "చైన్ తెగొద్దురా" అంటే వెంటనే పడుతుంది వాళ్లకు.

మేం ప్రాక్టీస్‌లో నడుములకు తాడు కట్టుకునేవాళ్లం. నలుగురు బ్యాకులకూ మధ్య మధ్య ఏడెనిమిది మీటర్ల తాడు కట్టండి. బాల్ ఎటు పోతే అటు జరగాలి, తాడు బిగుసుకోకూడదు, నేల మీద జీరాడకూడదు. రెండు రోజులు చేయించి మూడో రోజు తాడు తీసేయండి.

కబడ్డీ పిల్లాడిని మాత్రం ఒక్క మనిషి కోసం వాడండి. అవతలి జట్టులో అందరికన్నా మంచి ఆటగాడు ఎవడో వాడి మీదికి.


అనంత_హాఫ్‌బ్యాక్
బుధవారం, ఉదయం 9:00

కబడ్డీ అన్నా, ఈ తాడు మాట పుస్తకాల్లో రాసి పెట్టుకోదగ్గది. ఒక్క మనిషి మీదికి పంపడానికి కూడా సాక్ష్యం ఉంది. 2004 యూరో కప్పులో గ్రీస్ ఇలాగే ఆడింది. అప్పటికి అందరూ జోన్‌కు మారిపోయారు, గ్రీస్ కోచ్ రెహాగెల్ మాత్రం తన దగ్గరున్న పట్టుదల గల ఆటగాళ్లను ఒక్కొక్కరిని ఒక్కొక్క ఫార్వర్డ్‌కు అంటించాడు. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ ఆటగాడు ఆన్రీని సీతరిడిస్ నీడలా పట్టుకున్నాడు. వాళ్లందరి వెనక డెల్లాస్ అనే పొడగరి కవర్‌గా ఉండేవాడు. ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్, మూడింటినీ 1-0తో ఓడించి కప్పు తీసుకెళ్లారు.

ఒక్క జాగ్రత్త సార్. మనిషిని పట్టుకున్నవాణ్ణి ఆ మనిషే ఎక్కడికైనా లాక్కుపోగలడు. వాడు వదిలిన జాగాలోకి ఎవరు రావాలో ముందే చెప్పి ఉంచండి.


హైలైన్_హైదరాబాద్
బుధవారం, మధ్యాహ్నం 12:20

30 మీటర్ల లెక్కలూ, ఫార్వర్డ్‌లకు పది నిమిషాలకే ఊపిరి అయిపోతోందన్న మాటా చూశాక టోర్నమెంటుకు లోతు లైనే సరైనదని ఒప్పుకుంటున్నాను సార్. ఒక్కటి మాత్రం అడుగుతాను. టోర్నమెంట్ అయ్యాక వారానికి ఒక రోజు ఎత్తైన లైన్ ప్రాక్టీస్ ఉంచండి. స్టాపర్లు ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో చూసి తెలుసుకునే వయసు ఇదే.


ఓరుగల్లు_పీఈటీ
పది రోజుల తర్వాత, రాత్రి 8:30

తాడు పని చేసింది. మొదటి రోజు నలుగురు కింద పడి ఒకనిమీద ఒకడు లేచిన్రు. మూడో రోజుకు తాడు లేకున్నా తాడు ఉన్నట్టే జరుగుతున్నరు. లెఫ్ట్ బ్యాక్ ముందుకు పోతె తాడు వాని నడుమును గుంజేది. ఇప్పుడు పోయే ముందు ఎనకకు చూస్తున్నడు.

నలుగురు బ్యాకులతోనే ఆడుతున్నం. లైన్ బాక్స్‌కు పది మీటర్ల ముందు. అలవని హాఫ్ స్టాపర్ల ముందు. కబడ్డీ పిల్లగాడు అవతలి మంచి ఆటగాని మీద. ప్రాక్టీస్ మ్యాచ్ 1-1. పడిన గోల్ కార్నర్ నుంచి. ఎనక బాల్ ఒక్కటి సుత పడలే. హైదరాబాద్ తమ్ముడూ, శనివారం ఎత్తైన లైన్‌కు రాసి పెట్టిన.


విశాఖ_గోలీ
పది రోజుల తర్వాత, రాత్రి 9:10

కార్నర్లకు కీపర్‌ను చిన్న బాక్స్ మధ్యలో ఉంచండి, దగ్గరి పోస్ట్ ముందు ఒక స్టాపర్‌ను ఖాళీగా నిలబెట్టండి. అతను ఎవరినీ పట్టుకోకూడదు, బాల్‌కే వెళ్లాలి. రెండో స్టాపర్ కీపర్ ముందు నిలబడి, అవతలివాళ్లు తోయకుండా అతనికి దారి కాపాడాలి. అతను బయటికి వస్తున్నాడా సార్?


ఓరుగల్లు_పీఈటీ
పది రోజుల తర్వాత, రాత్రి 9:25

వస్తున్నడు మేడమ్. మొన్న ఒక బాల్‌కు బాక్స్ అంచు దాకా ఉరికొచ్చి కాలుతోని కొట్టిండు. కొట్టినంక నా దిక్కు చూసిండు.


ఓరుగల్లు_పీఈటీ
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

టోర్నమెంట్ అయిపోయింది. మొదటి మ్యాచ్ 1-0 గెలిచినం. రెండోది 0-0, పెనాల్టీలల్ల మా కీపర్ రెండు ఆపిండు. సెమీస్‌ల 1-2తో ఓడినం.

ఓడిన తీరు రాస్త, అనంతపురం అన్న ముందే చెప్పిండు. వాళ్ల పదో నంబర్ శాన తెలివైనోడు. మా కబడ్డీ పిల్లగాడు వాన్ని వదలడని పది నిమిషాలల్ల కనిపెట్టి, వాళ్ల కుడి టచ్ లైన్ (గ్రౌండ్ పక్క గీత) కాడికి పోయి నిలబడ్డడు. మావోడు వాని ఎంటనే పోయిండు. నడుమ తలుపు తెరిచినట్టయింది. వాళ్ల హాఫ్ అండ్లకెల్లి వచ్చి కొట్టిండు. హాఫ్ టైమ్‌ల "వాడు అంచుకు పోతె లెఫ్ట్ బ్యాక్‌కు అప్పజెప్పి నువ్వు నడుమకు రా" అన్న. సరే సార్ అన్నడు, ఆటల పడంగనె మల్ల వాని ఎంటనే పోయిండు. వాని తప్పు కాదు, మూడు వారాలు వదలొద్దు వదలొద్దు అని నేనే చెప్పిన. రెండో గోల్ కూడ అట్లనే పడ్డది.

మూడు మ్యాచుల్ల 2 గోల్స్. ఎనకపడే బాల్ నుంచి ఒక్కటి లేదు. పిల్లలు బస్సుల పాటలు పాడుకుంట వచ్చిన్రు, కబడ్డీ పిల్లగాడు ఒక్కడే కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. వాని పక్కకు పోయి కూసున్న.

మనిషిని ఎప్పుడు వదలాలె, ఎవలికి అప్పజెప్పాలె, ఇది ఎట్ల నేర్పాలె? వానికి సోమవారమే మొదలు పెట్టాల్నని ఉన్నది.


కబడ్డీ_కార్నర్
ఆదివారం, రాత్రి 10:40

సార్, రైడర్‌ను కార్నర్ నుంచి కవర్‌కు అప్పగించేటప్పుడు మేం చేతిని గట్టిగా నొక్కేవాళ్లం. నొక్కితే "ఇక నీది" అని. ఫుట్‌బాల్‌లో చేతులు పట్టుకోలేరు కాబట్టి మాట కావాలి. "నీది!" అని ఒక్క మాట. అందుకునే మనవాడు "తీసుకున్నా!" అనేదాకా వదలకూడదు.

సోమవారం మళ్లీ తాడు కట్టండి, ఈసారి ఇద్దరికే, కబడ్డీ పిల్లాడికీ లెఫ్ట్ బ్యాక్‌కూ. మీరే పదో నంబర్‌లా నడుము నుంచి అంచుకు నడవండి. పరిగెత్తొద్దు, నడవండి. మాట వినపడే దాకా వాళ్లను అదే చేయించండి.


విశాఖ_గోలీ
ఆదివారం, రాత్రి 11:00

ఆ "నీది!" కీపర్ నుంచి రావాలి సార్. ఆట మొత్తం ఎదురుగా కనపడేది అతనొక్కడికే. సోమవారం అతన్ని కూడా గోల్‌లో నిలబెట్టి అరవమనండి.


ఓరుగల్లు_పీఈటీ
ఆదివారం, రాత్రి 11:05

సరే మేడమ్. పొద్దున ఐదున్నరకు గ్రౌండ్ల ఉంటం.